ఎలైజా ఏబెల్ జీవితాన్ని పిల్లలకు పూర్తిగా చెప్పండి: తెలుగు సండే స్కూల్ టీచర్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్, విశాఖపట్నం, రాజమండ్రి, ఇంకా తెలుగులో ఆరాధన జరిగే ప్రతి వార్డులో, ప్రతి బ్రాంచిలో (అంటే మన స్థానిక సంఘాల్లో) సండే స్కూల్, యువత క్లాసులు చెప్పే సోదర సోదరీమణులకు,

నమస్కారం.

మన మోర్మన్ చర్చి చరిత్రను, సిద్ధాంతము మరియు నిబంధనలు అనే మన లేఖన గ్రంథాన్ని చదివే ఏడాది నాలుగేళ్లకోసారి వస్తుంది. ఆ ఏడాది పొడుగునా పిల్లలు చర్చిని స్థాపించిన జోసెఫ్ స్మిత్, ఆయన భార్య ఎమ్మా స్మిత్, ఆయన తర్వాత చర్చిని యూటాకు నడిపించిన బ్రిగమ్ యంగ్ పేర్లు వింటారు. కర్ట్‌లాండ్, నావూ, సాల్ట్ లేక్ ఎక్కడున్నాయో మ్యాపులో వేలు పెట్టి చూపిస్తారు. ఏడాది చివరికి, క్రిస్మస్ ప్రోగ్రాం ప్రాక్టీసుల హడావుడిలో, అధికారిక ప్రకటన 2 దగ్గరికి వస్తాం. 1978కి ముందు నల్లజాతి వారికి యాజకత్వం ఇచ్చేవారు కాదు, ఆ ఏడాది దేవుడు చర్చి అధ్యక్షుడైన ప్రవక్తకు బయలుపరిచాడు, అప్పటి నుంచి అర్హులైన పురుషులందరికీ ఇస్తున్నారు అని రెండు ముక్కల్లో చెప్పేస్తాం. పిల్లలు రాసుకుంటారు. క్లాసు అయిపోతుంది.

ఆ రెండు ముక్కలు విన్న పిల్లలకు మొదటి నుంచీ అలాగే ఉండేదేమో అనిపిస్తుంది. అలా లేదు. చర్చి ఏర్పడిన ఆరేళ్లకే, 1836లో, ఒక నల్లజాతి వ్యక్తి ఎల్డర్ (యాజకత్వంలో ఒక పదవి) అయ్యారు. అదే ఏడాది డిసెంబరులో డెబ్బదిగా నియమితులయ్యారు. మూడుసార్లు మిషన్‌కు వెళ్లారు. కన్నుమూసే దాకా ఆ యాజకత్వం ఆయన దగ్గరే ఉంది. ఆయన పేరు ఎలైజా ఏబెల్.

నేను మిమ్మల్ని అడిగేది ఒకటే. ఆయన జీవితాన్ని మన పిల్లలకు తెలుగులో పూర్తిగా చెప్పండి. ఓపికకు ఉదాహరణగా ఒక ముక్క చెప్పి వదిలేయకండి. ఆయన పోయాక ఆయన గురించిన నిజాన్ని మార్చి ఎలా చెప్పారో కూడా చెప్పండి.

ఇది బహిరంగ లేఖ కాబట్టి బయటివాళ్లు కూడా చదువుతారు. వాళ్ల కోసం రెండు మాటలు. లోకం మోర్మన్లు అని పిలిచే మన సంఘాన్ని 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించారు. మన దగ్గర జీతం తీసుకునే పాస్టర్లు ఉండరు. యాజకత్వం పొందిన మామూలు సభ్యులే బాప్తిస్మం ఇస్తారు, సంస్కారం పంచుతారు, బోధిస్తారు. అందుకే యాజకత్వం లేదంటే ఆ మనిషి చర్చిలో కూర్చోవచ్చు గానీ చర్చి పనిలో చెయ్యి పెట్టలేడు. ఇక డెబ్బది అంటే ఆ రోజుల్లో ఊరూరా తిరిగి సువార్త ప్రకటించే బాధ్యత ఉన్న పదవి. పన్నెండు మంది అపొస్తలుల తర్వాత వరుసలో వాళ్లే ఉండేవారు.

ఎలైజా ఏబెల్ 1808 ప్రాంతంలో మేరీల్యాండ్‌లో పుట్టారు. అది బానిసత్వం ఉన్న రాష్ట్రం. 1832లో బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత ఒహాయోలోని కర్ట్‌లాండ్‌కు చేరారు. అప్పటికి అక్కడ సభ్యులు కడుపు కట్టుకుని దేవాలయం కడుతున్నారు. 1836 మార్చిలో దాన్ని ప్రతిష్ఠించారు. ఆ దేవాలయంలో జరిగిన కడుగుట, అభిషేకం అనే క్రతువుల్లో ఏబెల్ కూడా తెల్లవాళ్లైన తోటి ఎల్డర్లతో పాటు పాల్గొన్నారు. ఆయనకు ఎల్డర్‌గా లైసెన్సు ఇచ్చారు. ఆ ఏడాది చర్చి పత్రికలో అచ్చైన ఎల్డర్ల జాబితాలో ఆయన పేరుంది. ఇదేదీ చాటుమాటుగా జరగలేదు. చర్చి ముఖ్య నాయకులు, ఎంతోమంది సభ్యులు కర్ట్‌లాండ్‌లో ఒకే చోట బతుకుతున్న కాలమది. ఏబెల్ రంగు ఎవరికీ తెలియకుండా పోయిందని చెప్పడానికి వీల్లేదు.

ఆ ఏడాదే జోసెఫ్ స్మిత్ తండ్రి ఆయనకు గోత్రజనకుని దీవెన, అంటే తలమీద చేతులుంచి ఆ ఒక్క మనిషి కోసం పలికే దీవెన, ఇచ్చారు. ఆ దీవెనలో మనసు నింపే మాట ఒకటుంది, మనసు నొప్పించే మాట ఒకటుంది. నువ్వు నీ సోదరులతో సమానుడివి అవుతావు అన్నారు. వెంటనే, నిత్యత్వంలో నీ ఆత్మ తెల్లగా ఉంటుంది అని కూడా అన్నారు. పెద్ద పిల్లల క్లాసు చెప్పేవాళ్లు ఈ రెండో మాటను దాటేయవద్దని నా మనవి. ప్రేమతో చెయ్యి తలమీద పెట్టి దీవించిన మనిషి నోట్లో కూడా, నలుపు తక్కువ, తెలుపు ఎక్కువ అనే ఆ కాలపు ఆలోచన ఎలా దూరి కూర్చుందో అది చూపిస్తుంది. పెళ్లి సంబంధాల దగ్గర "అమ్మాయి కొంచెం చామనఛాయ" అని గొంతు తగ్గించి చెప్పే ఇళ్లలో పెరిగిన మన పిల్లలకు ఈ సంగతి అర్థం కావడానికి ఎక్కువ సేపు పట్టదు.

1836 డిసెంబరు 20న జెబెడీ కోల్ట్రిన్ అనే నాయకుడు ఏబెల్‌ను డెబ్బదిగా నియమించారు. ఈ కోల్ట్రిన్ పేరు గుర్తుపెట్టుకోండి. నలభై ఏళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

1838లో ఏబెల్ న్యూయార్క్ రాష్ట్రానికి, అక్కడి నుంచి కెనడాకు మిషనరీగా వెళ్లారు. ఒక నల్లజాతి మనిషి ఒంటరిగా ఊళ్లు తిరుగుతూ తెల్లవాళ్ల ఇళ్లలో కూర్చుని లేఖనాలు బోధించాడు, వాళ్లకు బాప్తిస్మం ఇచ్చాడు అంటే ఆ కాలానికి ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. న్యూయార్క్‌లో ఆయన చేతుల మీదుగా బాప్తిస్మం పొందిన యూనిస్ కిన్నీ అనే ఆమె ముసలితనంలో, 1891లో, ఆ రోజులు గుర్తుచేసుకుంటూ ఉత్తరం రాసింది. ఒక స్త్రీని, ఐదుగురు పిల్లల్ని ఏబెల్ చంపాడని ఎవరో పుకారు పుట్టించారట. ఊరంతా కాగితాలు అంటించారట. ఆయన పారిపోలేదు. వచ్చి అందరి ముందు నిలబడి, నా మీద ఆరోపణ ఉన్నవాళ్లు ఇప్పుడు ముందుకు రండి అన్నారట. ఒక్కరూ నోరు మెదపలేదని ఆమె రాసింది. చిన్న పిల్లల క్లాసుకు ఈ ఒక్క సంఘటన చాలు. దావీదు, గొల్యాతు కథ చెప్పినంత ఉత్సాహంగా చెప్పవచ్చు.

తర్వాత నావూ. ఇల్లినాయ్‌లో మిసిసిపీ ఒడ్డున సభ్యులు కట్టుకున్న పట్టణం. ఏబెల్ అక్కడ వడ్రంగి. శవపేటికలు కూడా చేసేవారు. మలేరియా లాంటి జ్వరాలతో జనం పిట్టల్లా రాలిపోయిన పట్టణమది, కాబట్టి ఆ పని ఎప్పుడూ ఖాళీ ఉండేది కాదు. 1840లో జోసెఫ్ స్మిత్ తండ్రి మరణశయ్య మీద ఉన్నప్పుడు ఏబెల్ పక్కనే ఉన్నారు. చనిపోయిన తన వాళ్ల తరఫున ఏబెల్ బాప్తిస్మం తీసుకున్న సంగతి కూడా నావూ రికార్డుల్లో ఉంది. 1841 జూన్‌లో జోసెఫ్ స్మిత్‌ను అరెస్టు చేశారన్న వార్త రాగానే ఆయన్ని కాపాడాలని ఏడుగురు ఒక చిన్న పడవ ఎక్కి నది మీద క్విన్సీకి బయల్దేరారు. ఆ ఏడుగురిలో ఏబెల్ ఒకరు. నల్లజాతి మనిషికి ఆ పని ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. నది అవతలి పక్క మిస్సోరీ, అక్కడ బానిసత్వం చట్టబద్ధం.

1842లో ఆయన సిన్సినాటి వెళ్లారు. మరుసటి ఏడాది అక్కడికి వచ్చిన ముగ్గురు అపొస్తలులు ఏబెల్ తన బోధను నల్లజాతి వాళ్ల వరకే పరిమితం చేసుకోవాలన్నారు. యాజకత్వం తీసేయలేదు, కానీ గీత గీశారు. జోసెఫ్ స్మిత్ బతికుండగానే ఇది మొదలైందని మనం దాచకూడదు. చెడ్డ అంతా బ్రిగమ్ యంగ్ నెత్తిన వేసి జోసెఫ్‌ను పక్కకు తప్పించడం తేలిక. చరిత్ర అంత తేలిగ్గా లేదు.

బ్రిగమ్ యంగ్ విషయంలోనూ అంతే. 1847 మార్చిలో ఆయనే, మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో మనకున్న మంచి ఎల్డర్లలో ఒకరు ఆఫ్రికా జాతివాడని మెచ్చుకుంటూ మాట్లాడారు. ఆ ఎల్డర్ క్వాక్ వాకర్ లూయిస్ అనే మంగలి. అదే బ్రిగమ్ యంగ్ 1852లో యూటా చట్టసభ ముందు నిలబడి, ఆఫ్రికా సంతతి వారికి యాజకత్వం ఉండదని ప్రకటించారు. ఆ ఏడాదే ఆ సభ యూటాలో బానిసత్వానికి చట్టం చేసింది. ఐదేళ్లలో ఇంత మార్పు ఎందుకొచ్చిందో చరిత్రకారులు చాలా కారణాలు చెప్పారు. తెల్ల, నల్ల జాతుల మధ్య పెళ్లిళ్లంటే ఆ నాయకులకున్న భయం వాటిలో ముఖ్యమైనది. కయీను శాపం అని బైబిలు నుంచి తెచ్చిన సమర్థన అమెరికా అంతటా బానిసల యజమానులు వాడుతున్నదే. మన చర్చి దాన్ని బయటి నుంచే తెచ్చుకుంది.

ఏబెల్ 1853లో భార్యాపిల్లలతో మైదానాలు దాటి యూటా చేరుకున్నారు. ఆ ప్రకటన వచ్చిన మరుసటి ఏడాదే. భార్య మేరీ ఆన్ ఆడమ్స్. ఇద్దరూ కలిసి సాల్ట్ లేక్‌లో కొంతకాలం హోటల్ నడిపారు. ఆయన వడ్రంగి పని మానలేదు. సాల్ట్ లేక్ దేవాలయం కట్టడంలోనూ పని చేశారు.

ఇక్కడ కొంచెం ఆగి పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఉంది. ఏబెల్ కర్ట్‌లాండ్‌లో పొందిన క్రతువుల తర్వాత, నావూలో దేవుడితో నిబంధనలు చేసుకునే ఎండోమెంట్, భార్యాభర్తలను పిల్లలను నిత్యత్వానికి కలిపి కట్టే సీలింగ్ అనే క్రతువులు వచ్చాయి. అవి సభ్యులందరికీ అందే సమయానికి ఆయన సిన్సినాటిలో ఉన్నారు. అందుకే యూటా చేరాక ఆయన బ్రిగమ్ యంగ్‌ను అడిగారు: నాకు ఎండోమెంట్ ఇవ్వండి, నా భార్యను పిల్లలను నాతో సీల్ చేయండి. బ్రిగమ్ యంగ్ కుదరదన్నారు.

దేవాలయం దూరంగా ఉండడమంటే ఏమిటో మనకు తెలుసు. మనలో ఎన్నో కుటుంబాలు సీలింగ్ కోసం డబ్బు కూడబెట్టుకుని పాస్‌పోర్టులు చేయించుకుని దేశం దాటి వెళ్లాయి. 2018లో బెంగళూరు దేవాలయం ప్రకటించినప్పుడు మన ఇళ్లలో ఎంత ఏడ్చామో, ఎంత సంతోషించామో గుర్తుంది కదా. ఏబెల్‌కు దూరం సమస్య కాదు. ఆయన పని చేసేదే ఆ కట్టడం మీద. 1877లో మేరీ ఆన్ న్యుమోనియాతో చనిపోయింది. ఆయన కోరిన సీలింగ్ జరగకుండానే పోయింది.

ఇక 1879. నా దృష్టిలో ఈ పాఠానికి గుండెకాయ ఇదే. దీనికి టైం ఇవ్వండి.

బ్రిగమ్ యంగ్ పోయాక జాన్ టేలర్ చర్చిని నడిపిస్తున్నారు. ఏబెల్ మళ్లీ అర్జీ పెట్టుకున్నారు. దాంతో నల్లజాతి వాళ్ల విషయంలో జోసెఫ్ స్మిత్ అసలు ఏం చెప్పారో విచారించాలని జాన్ టేలర్ అనుకున్నారు. మే 31న యూటాలోని ప్రోవోలో ఏబ్రహామ్ స్మూట్ అనే నాయకుడి ఇంట్లో కూర్చున్నారు. అక్కడికి వచ్చి సాక్ష్యం చెప్పినవారు జెబెడీ కోల్ట్రిన్. నల్లజాతి వారికి యాజకత్వానికి హక్కు లేదని 1834లోనే జోసెఫ్ నాతో చెప్పారు అన్నారు. ఏబెల్‌ను డెబ్బది గుంపులో చేర్చారు గానీ ఆయన వంశం తెలిశాక జోసెఫ్ తీసేశారు అని కూడా అన్నారు.

ఏబెల్‌ను డెబ్బదిగా నియమించిన చేతులు ఈ కోల్ట్రిన్‌వే. 1836లో. జోసెఫ్ కూడదన్నారని ఆయన చెబుతున్న 1834 తర్వాత రెండేళ్లకు. పదిహేనేళ్ల పిల్లల ముందు ఈ రెండు సంవత్సరాలు బోర్డు మీద రాసి ఊరుకోండి చాలు, మిగతాది వాళ్లే అడుగుతారు.

అపొస్తలుల్లో ఒకరు, జోసెఫ్ స్మిత్ అన్న హైరమ్ కొడుకు జోసెఫ్ ఎఫ్. స్మిత్, ఈ సాక్ష్యంతో తృప్తి పడలేదు. నేరుగా వెళ్లి ఏబెల్‌నే కలిశారు. కొద్ది రోజుల తర్వాత జరిగిన నాయకుల సమావేశంలో తాను చూసింది చెప్పారు. ఏబెల్ దగ్గర ఆయన డెబ్బది అని చెప్పే సర్టిఫికెట్లు రెండున్నాయి. ఒకటి 1841లో నావూలో ఇచ్చింది, రెండోది తర్వాత సాల్ట్ లేక్‌లో ఇచ్చింది. గోత్రజనకుని దీవెన కాగితంలో ఎల్డర్ అని ఉంది. తనను నియమించింది కోల్ట్రినే అని ఏబెల్ చెప్పారు. నీకు యాజకత్వానికి హక్కుందని జోసెఫ్ స్వయంగా తనతో అన్నారనీ చెప్పారు. జోసెఫ్ తీసేసి ఉంటే, జోసెఫ్ కళ్లముందే నావూలో 1841లో సర్టిఫికెట్ ఎలా ఇస్తారు? ఈ ప్రశ్నకు కోల్ట్రిన్ మాటల్లో జవాబు లేదు.

ఆ కాగితాల్లో పాతవాటిని ఏబెల్ కర్ట్‌లాండ్ నుంచి నావూకు, సిన్సినాటికి, అక్కడి నుంచి ఎడ్లబండ్ల దారిలో యూటాకు పోగొట్టుకోకుండా తెచ్చుకున్నారు. ఎందుకంత జాగ్రత్త పడ్డారో మన అమ్మానాన్నల తరానికి వేరే చెప్పాలా? ఆఫీసులో నువ్వెవరని అడిగినప్పుడు మనిషి మాట కన్నా కాగితం మాటే చెల్లుతుందని తెలిసినవాళ్లు సర్టిఫికెట్లను ట్రంకు పెట్టె అడుగున బట్టల మధ్య దాచుకుంటారు.

ఆ కాగితాల వల్ల ఏబెల్ యాజకత్వాన్ని ఎవరూ ముట్టుకోలేకపోయారు. కానీ ఆయన అడిగిన ఎండోమెంట్, సీలింగ్ మాత్రం ఇవ్వలేదు. 1883లో ఆయనకు మళ్లీ మిషన్ పిలుపు ఇచ్చారు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, దేవాలయంలోకి రానివ్వని చర్చి కోసం ఒహాయోకు, కెనడాకు బయల్దేరి వెళ్లారు. అక్కడ ఆరోగ్యం పాడైంది. తిరిగి వచ్చిన రెండు వారాలకు, 1884 క్రిస్మస్ రోజున కన్నుమూశారు. డెజరెట్ న్యూస్ పత్రిక ఆయన మరణవార్తలో ఎల్డర్‌గా, డెబ్బదిగా ఆయన నియామకాలను సర్టిఫికెట్లతో సహా ప్రస్తావించింది. మామూలుగా మరణవార్తలో ఆ వివరాలు అంత పట్టుగా రాయరు. ఎవరో కావాలనే రాయించారని నాకనిపిస్తుంది.

చాలామంది ఈ కథను ఇక్కడ ఆపేస్తారు. విశ్వాసంలో చివరిదాకా నిలిచాడు, ఆమేన్. దయచేసి ఆపకండి.

జోసెఫ్ ఎఫ్. స్మిత్ 1895లో కూడా ఒక సమావేశంలో ఏబెల్ నియామకం నిజమేనని, అది జోసెఫ్ స్మిత్ ఆధ్వర్యంలోనే జరిగిందని చెప్పారు. 1901లో ఆయన చర్చి అధ్యక్షుడయ్యారు. 1908 ఆగస్టులో జరిగిన సమావేశంలో అదే మనిషి, ఏబెల్ నియామకం చెల్లదని ప్రవక్త జోసెఫే ప్రకటించారు అన్నారు. ఆ కాగితాలను తన కళ్లతో చూసి, తోటి నాయకులకు వివరించిన మనిషి ఈ మాట అన్నారు. అప్పటికి ఏబెల్ లేరు. వెళ్లి అడగడానికి ఎవరూ లేరు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లు ఎవరైనా ఏబెల్ సంగతేంటని అడిగితే చెప్పడానికి ఈ 1908 మాట ఒకటి దొరికింది. మొదటి నుంచీ ఇలాగే ఉంది, ఏబెల్ సంగతి పొరపాటు, దాన్ని ప్రవక్తే సరిదిద్దారు అని చెప్పుకున్నారు.

జోసెఫ్ ఎఫ్. స్మిత్‌ను దుర్మార్గుడిగా చూపించమని నేను అడగడం లేదు. ఐదేళ్ల వయసులో తండ్రిని హంతకుల చేతుల్లో పోగొట్టుకుని, తల్లి వెంట ఎడారి దాటి, పదిహేనేళ్లకే మిషనరీగా హవాయి వెళ్లిన మనిషి ఆయన. జ్ఞాపకం తప్పిందో, ఉన్న పద్ధతికి తగ్గట్టు గతం సర్దుకుందో తేల్చే పని మనది కాదు. కానీ ఒక వివక్ష నిలబడాలంటే, దానికి అడ్డుగా నిలిచిన ఒక్క మనిషి రికార్డును కూడా సరిచేయాల్సి వస్తుందని పిల్లలు చూడాలి. అది మంచి మనుషుల చేతుల్లోనే జరుగుతుందని కూడా చూడాలి. ఏబెల్ కథలో నేను నేర్చుకున్నవాటిలో ఇంతకన్నా పెద్దది లేదు.

1973లో లెస్టర్ బుష్ అనే సభ్యుడు, వృత్తిరీత్యా డాక్టర్, పాత రికార్డులన్నీ వెతికి, ఈ నిషేధం జోసెఫ్ స్మిత్ దగ్గర మొదలైనట్టు ఆధారం లేదని చూపిస్తూ పెద్ద వ్యాసం ప్రచురించారు. 1978 జూన్‌లో స్పెన్సర్ కింబల్ అధ్యక్షుడిగా ఉండగా నిషేధం తొలగిపోయింది. 2002లో సాల్ట్ లేక్ శ్మశానంలో ఏబెల్ దంపతుల సమాధి దగ్గర కొత్త స్మారకాన్ని అపొస్తలుడు రస్సెల్ బలార్డ్ ప్రతిష్ఠించారు. 2013 డిసెంబరులో చర్చే అధికారికంగా జాతి, యాజకత్వం మీద ఒక వ్యాసం పెట్టింది. అందులో ఏబెల్ పేరుంది. నల్లని చర్మం శాపానికి గుర్తు అనే పాత వివరణలను చర్చి ఇప్పుడు తోసిపుచ్చుతోందని అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి ఇదంతా చెబితే బిషప్ ఏమంటారో అని టెన్షన్ పడేవాళ్లకు నా జవాబు: చర్చి ముందే చెప్పింది. మనమే తెలుగులో చెప్పడం లేదు.

ఇది అమెరికా వాళ్ల గొడవ, మన పిల్లలకెందుకు అనేవాళ్లూ ఉంటారు. 1978 జూన్‌లో ఆ ప్రకటన వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో, సమోవాలో ఉండగా సభ్యులైన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు మిషనరీలుగా హైదరాబాద్ వచ్చారు. వాళ్ల బంధువుల్లో చాలామంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ గారి తండ్రి, బాప్టిస్టు పాస్టర్, మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చారు. 2012లో మన దేశంలో మొదటి స్టేక్ (కొన్ని వార్డుల సమూహం) హైదరాబాద్‌లోనే ఏర్పడింది. 1978లో జరిగిన ఆ రెండు సంఘటనలకూ నేరుగా ముడి ఉందని నేను అనను. కానీ తెలుగు నేల మీద మన చర్చి వేళ్లూనడం ఆ ఏడాదే మొదలైంది. నిషేధం లేని చర్చినే మనం మొదటి నుంచీ చూశాం. అందువల్ల దాని గురించి తెలుసుకోవాల్సిన పని లేదని అనుకుంటే, ఏబెల్ లాంటివాళ్లు మోసిన బరువు మీద మనం హాయిగా కూర్చున్నట్టే.

పైగా మన పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. ఒకే ఊళ్లో మాలపేటకు ఒక చర్చి, మాదిగపల్లెకు ఒక చర్చి ఉండడం వాళ్లు చూశారు. బాప్తిస్మం తీసుకున్న రెండు కుటుంబాలు పెళ్లి మాటల దగ్గర కులం అడగడం విన్నారు. దేవుడి ముందు నల్లవారు, తెల్లవారు, దాసులు, స్వతంత్రులు, స్త్రీలు, పురుషులు అందరూ సమానమేనని మోర్మన్ గ్రంథంలోని 2 నీఫై 26వ అధ్యాయం 33వ వచనంలో చదివిన పిల్లవాడు, మరి మన చర్చిలో అలా ఎందుకు జరిగిందని ఏదో ఒక రోజు అడుగుతాడు. మనల్ని అడగకపోతే ఫోన్‌ను అడుగుతాడు. అక్కడ ఏబెల్ పేరు కోపంతో, వెటకారంతో కనిపిస్తుంది. మొదటిసారి మన నోట, ప్రేమతో, ఒక్క వివరం కూడా దాచకుండా వింటే మంచిది కదా.

విశ్వాసం దెబ్బతింటుందని భయపడే సోదరీమణులకు నేను చెప్పేది, ఏబెల్ విశ్వాసం దెబ్బతినలేదు. ఆయనకు ఇవన్నీ తెలుసు. మనకన్నా బాగా తెలుసు. తెలిసే నిలబడ్డారు, తెలిసే అడుగుతూ ఉన్నారు. ఆయన అడగడాన్ని పాఠం నుంచి తీసేసి ఓర్చుకోవడాన్ని మాత్రమే ఉంచితే, అన్యాయం జరిగితే నోరు మూసుకోవడమే భక్తి అని ఆడపిల్లలకు, పేద పిల్లలకు నేర్పినవాళ్లమవుతాం. బ్రిగమ్ యంగ్‌ను అడిగారు. ఆయన పోయాక జాన్ టేలర్‌ను అడిగారు. సాక్ష్యం తనకు వ్యతిరేకంగా చెప్పినప్పుడు కాగితాలు తీసి చూపించారు. ఇది కూడా విశ్వాసమే.

జేన్ మానింగ్ జేమ్స్ గురించి కూడా చెప్పండి. నావూలో జోసెఫ్, ఎమ్మాల ఇంట్లో ఉండి పని చేసిన నల్లజాతి స్త్రీ. ఆమె కూడా ఎండోమెంట్ కోసం నాయకులకు మళ్లీ మళ్లీ విన్నవించుకుంది. 1894లో ఆమెను జోసెఫ్ స్మిత్ కుటుంబానికి పనిమనిషిగా సీల్ చేశారు. కూతురిగా కాదు. ఆ క్రతువుకు ఆమెను లోపలికి కూడా రానివ్వలేదు, ఆమె బదులు వేరే స్త్రీ నిలబడింది. దీన్ని పిల్లలకు చెప్పేటప్పుడు గొంతు పూడుకుపోతే పూడుకుపోనివ్వండి.

ఈసారి ఆ పాఠాన్ని క్రిస్మస్ హడావుడికి వదిలేయకుండా, బిషప్‌తో, బ్రాంచి అధ్యక్షుడితో ముందే మాట్లాడి రెండు ఆదివారాలు తీసుకోండి. మొదటి వారం ఏబెల్ జీవితం, రెండో వారం ప్రకటన. జోసెఫ్ ఎఫ్. స్మిత్ 1879లో చెప్పిందీ, 1908లో చెప్పిందీ పక్కపక్కన పెట్టి పెద్ద పిల్లల చేత చదివించండి. తెలుగు రాని పట్టణ పిల్లలుంటే ఇంగ్లీషులో చదవనివ్వండి, మాట్లాడుకోవడం మాత్రం ఇంటి భాషలో జరగనివ్వండి. ఏబెల్‌కు దేవాలయ క్రతువులు ఎందుకు ఇవ్వలేదు అని ఎవరైనా అడిగితే దేవుడి సమయం రాలేదని చెప్పి తప్పించుకోకండి. ఆయన రంగు వల్ల ఇవ్వలేదు, అది తప్పు అని చెప్పండి. తర్వాత వాళ్లు అడిగే ప్రశ్నల కోసం ఇంకో పావుగంట ఉంచుకోండి.

ఇట్లు,
మీలాగే ఆదివారం క్లాసు చెప్పే ఒక సోదరి